భరతపిట్టను చూసిన చోటు

ఆ ఊళ్లో పక్షుల్ని చూసే సంఘం ఒకటి ఉంది. దానికి ఒక అధ్యక్షుడు, ఒక ఉపాధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక సభ్యుడు. అంతే, అయిపోయింది. ఆ ఒక్క సభ్యుడే మన దర్జీ. సంఘం ఏ తీర్మానం చేసినా చివర "సభ్యులందరూ ఆమోదించారు" అని రాసుకుంటుంది కదా, ఆ అందరూ ఈయనే. ఒకసారి ఈయనకు జ్వరమొస్తే ఆ నెల తీర్మానమే ఆగిపోయింది.

దర్జీ అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. ఒక కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల, గోడకు నిలువుటద్దం, మూలన కొత్త బట్టలు తొడిగి చూసుకోవడానికి ఒక తెర. ముప్పై ఏళ్లుగా మెళ్లో టేపు వేసుకుని బతికినవాడు కావడంతో ఆయనకు మనుషుల మొహాలు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. వాళ్లు చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక, "ఓహో, భుజం పదిహేడున్నర!" అని గుర్తుపట్టి, వెంటపడి మరీ ఇంట్లోవాళ్ల క్షేమం అడుగుతాడు. మనిషి మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరి చొక్కాకో గుండీ తక్కువ కుట్టానేమోనని అనుమానం వస్తే భోజనం మధ్యలో లేచి, ఎంగిలి చేత్తో అంగడికి వెళ్లి లెక్కపెట్టుకొచ్చే రకం. ఇలాంటివాళ్లతో కాపురం ఎంత కష్టమో ఆయన భార్యను అడగాలి.

అధ్యక్షుడు ఆ భార్యకు స్వయానా అన్నగారు. మందుల షాపు నడుపుతాడు. అధ్యక్షుడెలా అయ్యాడంటే, టెలిస్కోపు ఆయనది. కార్యదర్శి లెక్కల టీచరమ్మ. రిటైరై ఆరేళ్లయినా ఎర్రసిరా పెన్ను మాత్రం వదల్లేదు. ఉపాధ్యక్షుడు బస్సు డ్రైవరు. ఆదివారం వ్యాను తెచ్చేది ఆయనే కాబట్టి ఏదో ఒక పదవి ఇవ్వక తప్పలేదు. దర్జీ దగ్గర టెలిస్కోపూ లేదు, వ్యానూ లేదు, ఎర్రసిరా అసలే లేదు. కాబట్టి సభ్యుడు.

ఊరి చివరి బస్టాపు దాటితే గడ్డిమైదానం. మోకాలెత్తు ఎండుగడ్డి, అక్కడక్కడ ముళ్లకంప, కనుచూపు మేర ఆకాశం. అందులో పూరేళ్లు, కౌజులు, తీతువులు, భరతపిట్టలు. అడవి పిట్టల్లా వీటికి రంగులూ హంగులూ ఉండవు, అన్నీ ఎండుగడ్డి రంగే. ఒకదానికి రొమ్ము మీద మూడు గీతలుంటే ఇంకోదానికి నాలుగు. ఆ ఒక్క గీత కోసం మనవాళ్లు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పోట్లాడుకునేవారు.

సంఘానికొక రిజిస్టరు ఉంది. ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ చూడని పిట్ట కనబడితే అందులోకి ఎక్కుతుంది, దాని ఎదురుగా "చూసినవారు" అన్న గడిలో పేర్లు ఎక్కుతాయి. ఒక్కరు చూస్తే చాలదు, ఇద్దరు చూడాలి. ఈ నియమం టీచరమ్మ పెట్టింది. మొదటి ఏడాది డ్రైవరు ఒక్కడే చూసి, ఒట్టేసి రాయించిన అరుదైన గద్దకు తర్వాత దారం ఉన్నట్టు తేలింది. గాలిపటాన్ని కొట్టేసిన ఎర్రగీత ఇప్పటికీ మొదటి పేజీలో ఉంది.

తొమ్మిదేళ్లలో అరవై రెండు పిట్టలు ఎక్కాయి. దర్జీ పేరు ఒక్కచోట కూడా ఎక్కలేదు.

ఎలా ఎక్కుతుంది? ఆయన కళ్లు మూరెడు దూరంలో సూది బెజ్జం చూడటానికి అలవాటుపడినవి. "అదుగో, ముళ్లకంపకు ఎడమపక్క!" అని ఎవరైనా గుసగుసలాడితే, ఈయన బైనాక్యులర్లు ఎత్తి, కంపను వెతికి, ఎడమను వెతికి, పిట్ట దగ్గరికి చేరుకునేసరికి అక్కడ గడ్డి ఊగుతూ ఉండేది. పైగా మధ్యలో బావగారి ప్యాంటు అంచు కుట్టు వదిలితే అది ముందు కనబడేది. ఎప్పుడైనా పిట్ట కంటబడినా, చెప్పడం ఈయన చెప్పినట్టే ఉండేది.

"కాలరు తెలుపండీ, చేతులు పొట్టి, వెనక చిన్న చీలిక" అన్నాడు ఒకసారి.

"పిట్టను చెబుతున్నారా, చొక్కాను చెబుతున్నారా?" అంది టీచరమ్మ, పెన్ను మూసేస్తూ.

ఇదైనా సరిపెట్టుకునేవాడు. కానీ మూడేళ్ల కిందట ఒక ఆదివారం ఆయన భోజనం డబ్బా మర్చిపోయి వెళ్లాడు. భార్య ఆటో కట్టించుకుని, తిట్టుకుంటూ వచ్చి, డబ్బా చేతికిచ్చి, చేత్తో మొహం తుడుచుకుని, "ఆ మూతి ముడుచుకుని కూర్చున్నదేంటండీ, అచ్చం మీలాగే ఉంది?" అంది. అందరూ అటు తిరిగారు. గడ్డిలో గుడ్లగూబ! పట్టపగలు, నేల మీద కూర్చుని, పసుపు కళ్లు తిప్పుతోంది. ఆ మైదానంలో అంతవరకూ ఎవరూ చూడనిది. అన్నగారు కూడా చూశాడు కాబట్టి ఇద్దరయ్యారు. వచ్చి అయిదు నిమిషాలు కాకముందే ఆవిడ పేరు రిజిస్టరులో ఎక్కింది. దర్జీ అప్పటికి డబ్బా మూత తీస్తున్నాడు, మూత తీసి తలెత్తేసరికి గుడ్లగూబ లేదు. ఆనాటి నుంచి ఇంట్లో ఏ మాట పట్టింపు వచ్చినా ఆవిడ "పోనీలెండి, గుడ్లగూబను చూసినదాన్ని, నాకేం తెలుస్తుంది" అనేది. దానికి ఎదురు చెప్పే మగాడు పుట్టలేదు.

ఈ ఏడు అధ్యక్షుడికి రిజిస్టరును చిన్న పుస్తకంగా అచ్చువేయించాలని బుద్ధి పుట్టింది. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలన్నింటికీ పంపుతారట. ప్రెస్సుకు సోమవారం ఇవ్వాలి. అంటే మిగిలింది ఒకే ఒక్క ఆదివారం. ఆ రోజు కొత్త పిట్ట కనబడకపోతే, కనబడినా దర్జీకి కనబడకపోతే, తొమ్మిదేళ్ల ఆదివారాలకు సాక్ష్యంగా ఆయన పేరు ఎక్కడా ఉండదు. మళ్లీ పుస్తకం ఎప్పుడు వేస్తారో ఆ దేవుడికే తెలియాలి. ఈ బెంగతో దర్జీకి ముద్ద దిగలేదు. ఒక పెద్దమనిషి కోటుకు రెండు ఎడమచేతులు కుట్టాడు.

ఆ కోటు విప్పుతుండగానే ఆయనకు ఆలోచన తట్టింది. పిట్టలు ఎందుకు పారిపోతున్నాయి? మన బట్టలు చూసి! బావగారిది ఎర్రటోపీ, డ్రైవరుది తెల్లచొక్కా, టీచరమ్మది చిలకాకుపచ్చ గొడుగు. మైదానంలోకి వీళ్లు నలుగురూ దిగుతుంటే సర్కసు దిగినట్టే కదా. తనకు చూపు లేకపోవచ్చు, చేతిలో పని ఉంది. పిట్ట దగ్గరికి తను వెళ్లలేడు, పిట్టే తన దగ్గరికి వచ్చేలా చేసుకోగలడు.

నాలుగు రోజులు అంగడి మూసి మరీ పట్టుపట్టాడు. బట్టల తాన్ల నుంచి ముక్కలు తీసుకెళ్లి మైదానంలో గడ్డి పక్కన పరిచి చూశాడు. ఏ ఒక్క రంగూ కుదరక మూడు రంగులు కలిపాడు. గోనెసంచుల పీచు దువ్వి, అంచులంతా జూలులా వేలాడేలా కుట్టాడు. టోపీల మీద నిజం గడ్డికాడలు నిలబెట్టి కుట్టాడు. నలుగురి కొలతలూ ఆయనకు నోటికొచ్చు. శనివారం సాయంత్రానికి నాలుగు జతలు తయారై వరండాలో గుట్టగా పడ్డాయి. భార్య చీపురుతో వచ్చి ఆ గుట్టను సగం వాకిట్లోకి ఊడ్చేసింది.

"ఏమే, అవి బట్టలే!"

"బట్టలా? గడ్డి అనుకున్నానండీ!"

దర్జీకి జీవితంలో అంతకన్నా గొప్ప మెప్పు ఎవరూ ఇవ్వలేదు. చంకలు గుద్దుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే నలుగురూ వ్యాను దగ్గర ఆ జతలు తొడుక్కున్నారు. అధ్యక్షుడు నియమాలు చదివాడు. నోరు మెదపకూడదు. ఈల వేయకూడదు. ఫోన్లు కట్టేయాలి. ముప్పై అడుగుల దూరంలో ఒక్కొక్కరు కూర్చోవాలి. కొత్త పిట్ట కనబడితే చెయ్యెత్తాలి, మిగతావాళ్లు ఆ చెయ్యి చూసి చప్పుడు లేకుండా పాకుతూ రావాలి. "సభ్యులందరూ ఆమోదించారు" అంది టీచరమ్మ, దర్జీ తల ఊపకముందే.

గడ్డిలోకి దిగి పది నిమిషాలైందో లేదో, దర్జీ చుట్టూ చూశాడు. ఒక్కరూ లేరు. మైదానం మైదానంలా ఉంది. బావగారు కుడివైపు వెళ్లినట్టు గుర్తు, అటు గడ్డి. టీచరమ్మ ఎదురుగా కూర్చున్నట్టు గుర్తు, అక్కడా గడ్డే. తన పనితనానికి ముందు మురిసిపోయాడు. తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఇప్పుడు కొత్త పిట్ట కనబడితే, రెండో మనిషిని ఎక్కడి నుంచి తెచ్చేది?

సరే, కూర్చున్నాడు. ఉలకలేదు, పలకలేదు. గంట గడిచింది. ఒక పూరేడు పిల్లల్ని వెంటేసుకుని ఆయన బూటు మీదుగా నడిచి వెళ్లింది. అది పాతదే, రిజిస్టరులో నాలుగో పిట్ట. ఒక మిడత చేతికెక్కి దిగిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కాయి.

అప్పుడు నెత్తిమీద ఏదో వాలింది.

గుప్పెడు గుండీల బరువుంటుంది. టోపీ మీద రెండడుగులు ఇటు వేసింది, రెండడుగులు అటు వేసింది. గోళ్లు గుడ్డలోంచి చురుక్కుమన్నాయి. తర్వాత పాట మొదలైంది. సన్నగా, గలగలా, నెత్తిమీదే గజ్జెలు కట్టుకుని ఎవరో గెంతుతున్నట్టు. దర్జీ ఊపిరి బిగబట్టాడు. ఈ పాట ఆయన ఎప్పుడూ వినలేదు. కొత్తదే! తొమ్మిదేళ్ల తర్వాత కొత్త పిట్ట తనను వెతుక్కుంటూ వచ్చింది, వచ్చి మొత్తం మైదానంలో తను చూడలేని ఒకే ఒక్క చోట కూర్చుంది. కళ్లు పైకి తిప్పాడు. కనుబొమలు కనబడ్డాయి. ఇంకా తిప్పాడు. టోపీ అంచు పీచు కనబడింది. అంతకుమించి తిప్పితే కళ్లు ఊడి కింద పడేలా ఉన్నాయి. ఏడుపొచ్చింది.

అలా పన్నెండు నిమిషాలు. చివరికి ఆ గోనె పీచే ఒకటి గాలికి వచ్చి ముక్కులో దూరింది. ఆపుకున్నాడు. మళ్లీ ఆపుకున్నాడు. మూడోసారి ఆగలేదు. ఆ తుమ్ముకు మైదానం దద్దరిల్లింది. తలెత్తి చూసేసరికి ఆకాశంలో ఆవగింజంత చుక్క, అదీ మాయమైంది.

అదే క్షణంలో ముప్పై అడుగుల దూరంలో గడ్డి "అమ్మో!" అని కేకవేసి వెల్లకిలా పడింది. బావగారు!

"ఆ దిబ్బ తుమ్మింది!" అంటూ లేచాడు అధ్యక్షుడు, మొహం పాలిపోయి. "ఇంత దిబ్బ, కళ్లారా చూశాను, తుమ్మింది!"

"నేనే బావగారూ."

"నువ్వా? ఇంతసేపూ నువ్వా? అయ్యో బావా, పది నిమిషాల నుంచి చెయ్యెత్తే ఉన్నాను కదయ్యా, ఒక్కడూ రాడేం? చెయ్యి పడిపోయింది." అని దగ్గరికొచ్చి భుజాలు పట్టుకున్నాడు. "కొమ్ముల భరతపిట్ట! తలమీద రెండు నల్లకొమ్ములు, మెడకు నల్లపట్టీ. ఈ చుట్టుపక్కల ఏ సంఘం పుస్తకంలోనూ లేదు. నేను చూశాను. రెండోవాడివి నువ్వు. చూశావుగా?"

"నా నెత్తిమీద ఉంది బావగారూ."

"ఉంటే మరీ మంచిది. నీకన్నా దగ్గరగా ఎవరు చూస్తారు?"

"ఎవరి నెత్తి వాళ్లకు కనబడుతుందా?"

అధ్యక్షుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గుండ్రంగా ఒకసారి తిరిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు బావా. ఒక్కరు చూస్తే చెల్లదని ఆవిడ ఎర్రగీత పెట్టేస్తుంది. రేపు ప్రెస్సుకిస్తున్నాం. చూశాను అని ఒక్కమాట అను. అబద్ధం కూడా కాదు, పిట్ట అయితే వచ్చింది కదా? నీ పేరు ముందు, నా పేరు వెనక. ఇంటికెళ్లి మా చెల్లెలి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చో."

కాలు మీద కాలు. ఆ బొమ్మ దర్జీ కళ్లముందు ఆడింది. అచ్చులో తన పేరు, పక్కన కొమ్ముల భరతపిట్ట, గబగబా పుస్తకం తెరిచి చదువుతున్న భార్య. నోరు తెరిచాడు. "చూ" అన్నాడు. ఆ పైన మాట రాలేదు. ముప్పై ఏళ్లలో ఏనాడూ టేపు పెట్టకుండా కొలత రాసుకున్నవాడు కాదు. చూసి చెప్పమన్నా చెప్పలేదు, ఊహించి రాయమన్నా రాయలేదు. ఇప్పుడీ ఒక్క పిట్టకు ఎలా రాయిస్తాడు?

"చూడలేదు బావగారూ" అన్నాడు. "బరువు చెప్పమంటే చెబుతాను. చూడటం మాత్రం చూడలేదు." కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బావగారు నెత్తి కొట్టుకున్నాడు, తన నెత్తే.

కేకలు విని డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురయ్యారు. టీచరమ్మ ఏదీ? పిలిచారు. పలుకు లేదు. నియమం ప్రకారం నోరు మెదపకూడదు కదా, ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. ముగ్గురూ గడ్డి దులుపుతూ వెతకడం మొదలుపెట్టారు. "టీచరుగారూ! వెళ్లిపోదామండీ! అయిపోయిందండీ!"

"అయిపోతే నా చెయ్యి మీంచి దిగండి" అంది డ్రైవరు కాలికింద గడ్డి.

లేచి నిలబడింది ఆవిడ. ఒక చేతిలో నోటు పుస్తకం. "తొమ్మిదీ నలభై నుంచి తొమ్మిదీ యాభై రెండు వరకు. కొమ్ముల భరతపిట్ట, మగది. చిన్న దిబ్బ మీద కూర్చుని పాడింది. నేనూ చెయ్యెత్తే ఉన్నాను, ఒక్కరూ రాలేదు. క్రమశిక్షణ లేదు సంఘంలో."

అధ్యక్షుడు గంతేశాడు. ఇద్దరయ్యారు! డ్రైవరు ఆయన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. దర్జీ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూ కొడుతూనే లోపల ఏదో పుటుక్కున తెగింది. చూసినవారు ఇద్దరు, ఆ ఇద్దరిలో తను లేడు. ఇంక ఈ జన్మకు లేడు. పిట్టకు కూర్చోవడానికి తన నెత్తి పనికొచ్చింది, పుస్తకానికి తన పేరు పనికిరాలేదు. ఆయనకు నిజంగా బాధేసింది.

టీచరమ్మ వ్యాను మెట్టు మీద కూర్చుని రిజిస్టరు తెరిచింది. పిట్ట పేరు రాసింది. తేదీ, టైము రాసింది. చూసినవారి గడిలో రెండు పేర్లు రాసింది. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. "చూసిన చోటు?"

"దిబ్బ మీద అని రాసెయ్యండి" అన్నాడు అధ్యక్షుడు.

"ఎక్కడుంది దిబ్బ?"

"అంటే... దిబ్బలాంటిది, మా బావ."

"లాంటిది ఏమిటండీ? రేపు చదివినవాళ్లు వచ్చి దిబ్బ ఏదంటే ఏం చూపిస్తారు? ఉన్నది ఉన్నట్టు రాయాలి" అని, దర్జీ వైపు ఒకసారి కళ్లజోడు మీంచి చూసి, గుండ్రటి అక్షరాలతో రాసింది. "బస్టాండు వెనక సందులోని దర్జీ గారి నెత్తి."

డ్రైవరు ఇంటికి చేరేదాకా నవ్వుతూనే వ్యాను నడిపాడు, రెండు మలుపులు తప్పాడు. దర్జీ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మొద్దులు, రాళ్లు, కరెంటు స్తంభాలు రాసే గడిలో తన నెత్తి! ఇంట్లో భార్య విని, నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. "ఏవండీ, ఇంక తలకు నూనె పెట్టుకునేటప్పుడు సంఘం పర్మిషన్ అడగాలేమో!" దర్జీ ఆ పూట నెత్తికి తువ్వాలు చుట్టుకునే భోజనం చేశాడు.

పుస్తకం అచ్చయింది. నాలుగు దిక్కులా వెళ్లింది. నెల తిరగకుండానే ఒక పొద్దున అంగడి ముందు ఒక భార్యాభర్తా దిగారు. భుజాన బైనాక్యులర్లు, చంకలో మూడుకాళ్ల స్టాండు.

"ఇది దర్జీ గారి షాపేనాండీ?"

"అవునండీ. కొలతలివ్వాలా?"

వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "కాదండీ" అన్నాడాయన సిగ్గుపడుతూ. "ఏమీ అనుకోకపోతే, ఒకసారి నెత్తి చూసి పోదామని. తెల్లారకముందే బయల్దేరి మూడు బస్సులు మారి వచ్చామండీ."

దర్జీ ఏమీ అనుకోలేదు. స్టూలు లాక్కుని వెలుతురులో కూర్చున్నాడు. వాళ్లు చుట్టూ తిరిగి చూశారు. ఏ వైపు వాలింది, ఎటు తిరిగి పాడింది, టోపీ ఉందా లేదా, అన్నీ అడిగి రాసుకున్నారు. ఆవిడ ఫొటో తీసింది. సరిగ్గా అప్పుడే బావగారు మందుల షాపు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ పిట్టను చూసింది నేనేనండీ. చూడండి, మొదటి పేరు." అని పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు.

"అలాగాండీ, సంతోషం" అన్నారు వాళ్లు మర్యాదగా, మళ్లీ నెత్తి వైపు తిరిగిపోయారు.

అప్పుడు తెలిసింది దర్జీకి. పిట్టల పుస్తకం తెరిచినవాళ్లు పిట్ట పేరు చదువుతారు, ఎక్కడ కనబడుతుందో చదువుతారు. చూసినవారు ఎవరో ఒక్కరూ చదవరు. తొమ్మిదేళ్లు ఆయన కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది, ఎవరూ చదవని గడి కోసం.

ఆ తర్వాత వారం నలుగురొచ్చారు, ఆ పై వారం తొమ్మిదిమంది. ఇప్పుడు ఆదివారాలు దర్జీ గడ్డిబట్టలు తొడుక్కుని మైదానం మధ్యలో కూర్చుంటాడు. ముప్పై అడుగుల అవతల ఊరూరి నుంచి వచ్చినవాళ్లు వరసగా బోర్లా పడుకుని, ఆయన నెత్తిమీదికి గురిపెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. వాళ్లందరికీ టెలిస్కోపు సర్దిపెట్టే పని అధ్యక్షుడిది. దర్జీకి బైనాక్యులర్లు ఎత్తే వీలు లేదు, చోటు కదలకూడదు కదా. పిట్టల్ని చూడటం పూర్తిగా మానేసినట్టే. వీపు నిటారుగా పెట్టి, మొహం వెలిగిపోతూ, భార్య కూడా అటు పక్కన పడుకుని తననే చూస్తోందని తెలిసి, మధ్యాహ్నం దాకా తుమ్మకుండా కూర్చుంటాడు. భోజనాల వేళకు టీచరమ్మ లేచి, ఎర్రసిరాతో ఆ రోజు సంగతి రాస్తుంది. "చోటు వచ్చింది. పిట్ట రాలేదు."